పాఠకుల ప్రశ్నలు: విదేశానికి వెళ్లేటప్పుడు ఆరోగ్య బీమా

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం "ఏ కంపెనీ పాలసీ మంచిది?" అన్నవే. కంపెనీ పేరు కంటే ముందు ఒక కాగితం మీద రెండు తేదీలు రాసుకోండి. విమానం ఎక్కే రోజు ఒకటి, అక్కడి బీమా నిజంగా అమల్లోకి వచ్చే రోజు రెండోది. ఈ రెండింటి మధ్య ఖాళీలోనే కుటుంబాలు అప్పుల పాలవుతుంటాయి. కింది జవాబుల్లో మళ్లీ మళ్లీ తేదీల గురించి మాట్లాడటానికి కారణం అదే.

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. మాస్టర్స్ చదవడానికి జర్మనీ వెళ్తున్నాడు. ఏజెంటు తక్కువ ప్రీమియంతో ఒక ప్రైవేటు పాలసీ ఇప్పిస్తానని, చదువు అయ్యేదాకా అదే సరిపోతుందని అంటున్నాడు. అక్కడికెళ్లాక ప్రభుత్వ బీమా తప్పదని ఇంకొకరు చెప్పారు. ఏది నిజం?

జవాబు: మొదటి కొన్ని రోజులకు ప్రైవేటు పాలసీ, ఆ తర్వాత ప్రభుత్వ బీమా. మీ అబ్బాయికి సరైన దారి ఇదే. జర్మనీలో ఉండే ప్రతి ఒక్కరికీ ఆరోగ్య బీమా ఉండి తీరాలన్న నియమం 2009 నుంచి ఉంది. డిగ్రీ కోర్సులో చేరిన 30 ఏళ్ల లోపు విద్యార్థులకు ప్రభుత్వ బీమా సంస్థలు తక్కువ రేటు ఇస్తాయి. టీకే, ఏఓకే, బార్మర్ లాంటివి ఆ సంస్థలే. వీటిలో ప్రధానమైన వైద్యసేవలు చట్టప్రకారం ఒకేలా ఉంటాయి. కాబట్టి వాటి మధ్య ఎంపికకు రోజుల తరబడి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

తేడా వచ్చేది తేదీ దగ్గర. విద్యార్థి బీమా సెమిస్టర్ మొదలైన రోజు నుంచి, అప్పటికి ఎన్‌రోల్ కాకపోతే ఎన్‌రోల్ అయిన రోజు నుంచి అమలవుతుంది. చాలా యూనివర్సిటీల్లో శీతాకాలపు సెమిస్టర్ అక్టోబర్ 1న మొదలవుతుంది. మీ అబ్బాయి గది వెతుక్కోవడానికి సెప్టెంబర్ మొదటి వారంలోనే దిగితే, ఆ నాలుగు వారాలకు విడిగా ట్రావెల్ పాలసీ ఉండాలి. వీసాకు కూడా అది అడుగుతారు. ముగింపు తేదీని అక్టోబర్ చివరిదాకా పెట్టించండి. ఎన్‌రోల్‌మెంట్ ఆలస్యమైతే ఆ అదనపు రోజులే ఆదుకుంటాయి.

బయల్దేరే ముందే అడ్మిషన్ లెటర్, పాస్‌పోర్టు కాపీతో ప్రభుత్వ బీమాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. బీమా ఉందన్న సమాచారాన్ని ఆ సంస్థే నేరుగా యూనివర్సిటీకి ఎలక్ట్రానిక్‌గా పంపుతుంది. మీరు ప్రింటు తీసి ఇచ్చే సర్టిఫికెట్ చెల్లదు. దిగాక అక్కడి చిరునామా, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి. కార్డు పోస్టులో వస్తుంది. ఇక్కడొక చిన్న విషయం చాలామందిని ఇబ్బంది పెడుతుంది. జర్మనీలో పోస్ట్‌బాక్సు మీద పేరు చూసి ఉత్తరం వేస్తారు. మీ అబ్బాయి ఎవరి ఫ్లాట్‌లోనో ఒక గదిలో ఉంటూ, డబ్బా మీద తన పేరు అంటించుకోకపోతే కార్డు వెనక్కి వెళ్లిపోతుంది. ఈలోపు డాక్టరు అవసరం పడితే బీమా సంస్థను అడిగి తాత్కాలిక ధ్రువపత్రం తెప్పించుకోవచ్చు, కార్డు లేదని వైద్యం మానుకోనక్కర్లేదు.

ఇక ఏజెంటు మాట. ప్రైవేటు పాలసీయే చాలనుకుని ప్రభుత్వ బీమా నుంచి మినహాయింపు తీసుకునే వీలుంది. విద్యార్థిగా బీమా బాధ్యత మొదలైన మూడు నెలల్లోపు అడగాలి. కాని ఒకసారి తీసుకుంటే ఆ చదువు పూర్తయ్యేదాకా విద్యార్థి రేటుకు వెనక్కి రావడం కుదరదు. చౌక పాలసీల్లో ముందే ఉన్న జబ్బులకు, మానసిక చికిత్సకు కవర్ ఉండదు, మొత్తం మీద పరిమితి కూడా ఉంటుంది. రెసిడెన్స్ పర్మిట్ పొడిగించుకునేటప్పుడు అధికారులు వాటిని ఒప్పుకోకపోవచ్చు. 24 ఏళ్ల కుర్రాడికి ఆ దారి వద్దనే చెప్తాం.

ప్రశ్న: నాకు 32. నేనూ జర్మనీలోనే చదవబోతున్నాను. నాకూ ఇదే వర్తిస్తుందా?

జవాబు: వర్తించదు. విద్యార్థి రేటు 30 ఏళ్లతో ఆగిపోతుంది. కేవలం భాషా కోర్సులో, డిగ్రీకి ముందు చదివే ప్రిపరేటరీ కోర్సులో చేరేవాళ్లకు వయసు తక్కువైనా ఆ రేటు రాదు. మీరు ప్రైవేటు పాలసీయే చూసుకోవాలి. కొనేటప్పుడు తాత్కాలికంగా వచ్చేవారి కోసం అమ్మే "ఇన్‌కమింగ్ ట్రావెల్" పాలసీకీ, ప్రభుత్వ బీమాతో సమానమైన పూర్తి స్థాయి పాలసీకీ తేడా గమనించండి. అక్కడ ఉద్యోగం దొరికితే సాధారణ ఉద్యోగుల్లాగా ప్రభుత్వ బీమాలోకి రావచ్చు. అప్పుడు జీతంలో 14.6 శాతం, దాని మీద ఆ సంస్థ వేసే అదనపు శాతం ఉంటాయి. ఇందులో సగం యజమానే కడతాడు. సంపాదన లేని భార్య లేక భర్త, పిల్లలు అదే బీమాలో అదనపు ఖర్చు లేకుండా చేరతారు.

ప్రశ్న: బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్‌కు వెళ్తున్నాను. వీసాతోపాటు కట్టే హెల్త్ సర్‌చార్జి కట్టాక విడిగా బీమా కావాలా? ఆ సర్‌చార్జి లెక్క నాకు 776 పౌండ్లని చెప్పారు, వెబ్‌సైటు 1,164 చూపిస్తోంది.

జవాబు: వెబ్‌సైటు చూపించిందే సరైన లెక్క. 2024 ఫిబ్రవరి 6 నుంచి విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు, చాలావరకు ఇతర వీసాల మీద వెళ్లే పెద్దవాళ్లకు 1,035 పౌండ్లు. అయితే లెక్క కట్టేది కోర్సు కాలానికి కాదు, వీసా కాలానికి. ఏడాది కోర్సుకు వీసా చివర్లో మరో నాలుగు నెలలు కలిపి ఇస్తారు, మొదట్లోనూ కొన్ని వారాలు కలుస్తాయి. ఏడాది మీద మిగిలిన కాలం ఆరు నెలల లోపైతే సగం రేటు. అందుకే 776కు 388 కలిసింది. వీసా దరఖాస్తుతోపాటు మొత్తం ఒకేసారి కట్టాలి. వీసా తిరస్కరిస్తే తిరిగి వస్తుంది.

ఇది కట్టాక అక్కడి ప్రభుత్వ వైద్యసేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో ఆసుపత్రి చికిత్స, ప్రసవం, అత్యవసరాలు అన్నీ స్థానికులతో సమానంగా అందుతాయి. ఇంగ్లండ్‌లో ప్రతి మందుకీ ప్రిస్క్రిప్షన్ రుసుము ఉంటుంది. పళ్లు, కళ్లద్దాలు మీ ఖర్చే. దిగిన వారంలోనే ఇంటి దగ్గరి జీపీ, అంటే మామూలు జబ్బులకు మొదట చూసే డాక్టరు దగ్గర నమోదు చేసుకోండి. జ్వరం వచ్చాక మొదలుపెడితే ఆలస్యం అవుతుంది. విడిగా తీసుకోవాల్సింది ఒకటే: ప్రయాణానికి, సామాను పోవడానికి, అత్యవసరంగా స్వదేశానికి తీసుకురావడానికి పనికొచ్చే చిన్న పాలసీ. సర్‌చార్జి వీటిని చూసుకోదు.

ప్రశ్న: మా ఆయనకు అమెరికాలో ఉద్యోగం వచ్చింది. ముందు ఆయన వెళ్తారు, రెండు నెలల తర్వాత నేనూ పిల్లలూ. కంపెనీ మూడు ప్లాన్లు చూపించి ఎంచుకోమంటోంది. డిడక్టిబుల్, కోఇన్సూరెన్స్ అన్న మాటలు అర్థం కావడం లేదు. ఏది తీసుకోవాలి?

జవాబు: మాటల సంగతి ఒక బిల్లుతో చూద్దాం. ప్లాన్‌లో డిడక్టిబుల్ 1,500 డాలర్లు, కోఇన్సూరెన్స్ 20 శాతం, ఏడాదిలో మీ జేబు నుంచి పోయే గరిష్ఠ మొత్తం 5,000 డాలర్లు అనుకోండి. ఏడాది మొదట్లో ఒకరికి ఆపరేషన్ జరిగి, బీమా కంపెనీ ఒప్పుకున్న రేటు ప్రకారం బిల్లు 20,000 డాలర్లు అయింది. మొదటి 1,500 మొత్తం మీదే. మిగిలిన 18,500లో 20 శాతం, అంటే 3,700 మీ వాటా. కలిపితే 5,200. కాని గరిష్ఠ మొత్తం 5,000 కాబట్టి అక్కడితో ఆగుతారు. ఆ ఏడాది ఆ వ్యక్తికి నెట్‌వర్క్‌లో (అంటే బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆసుపత్రుల దగ్గర), ప్లాన్ కవర్ చేసే వైద్యానికి ఇక పైసా కట్టనక్కర్లేదు. కోపే అంటే డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ కట్టే స్థిరమైన చిన్న మొత్తం.

కాబట్టి నెలవారీ ప్రీమియం ఒక్కటే పోల్చకండి. ఏడాది ప్రీమియానికి గరిష్ఠ మొత్తాన్ని కలపండి. మీ కుటుంబానికి అన్నిటికన్నా చెడ్డ ఏడాదిలో అయ్యే ఖర్చు అదే. ప్రతి ప్లాన్‌కీ వ్యక్తికి వేరు, కుటుంబానికి వేరు పరిమితులు ఉంటాయి, రెండూ రాసుకోండి. పిల్లలకు టీకాలు, ఏడాదికోసారి పరీక్ష లాంటి నివారణ సేవలు నెట్‌వర్క్‌లో ఉచితం కనుక వాటి కోసం ఖరీదైన ప్లాన్ అవసరం లేదు. ఎవరికైనా ఆస్తమా, థైరాయిడ్ లాంటివి ఉండి నెలనెలా మందులు వాడుతుంటే మాత్రం తక్కువ డిడక్టిబుల్ ఉన్నదే మేలు. వాడుతున్న మందు ఆ ప్లాన్ మందుల జాబితాలో ఏ ధర వరసలో ఉందో కూడా చూడండి.

ఇప్పుడు మీ అసలు సమస్య. ఉద్యోగంలో చేరాక ప్లాన్ ఎంచుకోవడానికి సాధారణంగా 30 రోజులే ఇస్తారు. ఆ గడువు దాటితే మళ్లీ ఏడాదికోసారి వచ్చే ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాల్సిందే. మీరు రెండు నెలల తర్వాత వస్తున్నారు! కొన్ని కంపెనీలు కుటుంబం దేశంలో అడుగుపెట్టిన రోజును కొత్త అవకాశంగా లెక్కిస్తాయి, కొన్ని లెక్కించవు. మీవారు చేరిన మొదటి వారంలోనే హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో అడిగి జవాబు దగ్గర పెట్టుకోవాలి. ఒప్పుకోకపోతే మొదటి 30 రోజుల్లోనే మిమ్మల్నీ పిల్లల్నీ చేర్చేయడం క్షేమం. రెండు నెలల ప్రీమియం అదనంగా పోతుంది, అంతే. కొన్ని కంపెనీల్లో కవర్ మొదలవడానికే నిరీక్షణ కాలం ఉంటుంది, చట్టప్రకారం అది 90 రోజులు దాటకూడదు. అలా ఉంటే మీవారికి కూడా ఆ ఖాళీకి వేరే పాలసీ కావాలి.

ఒంట్లో బాగోలేనప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్న అర్జెంట్ కేర్ క్లినిక్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి. చిన్న దెబ్బకు, చెవి నొప్పికి ఎమర్జెన్సీ రూముకు వెళ్తే బిల్లు ఎన్నో రెట్లు ఉంటుంది. ప్రాణం మీదికి వస్తే మాత్రం నెట్‌వర్క్ గురించి ఆలోచించకుండా దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న చట్టం వల్ల, అత్యవసర చికిత్సకు నెట్‌వర్క్ బయటి ఆసుపత్రి కూడా తన బిల్లుకీ బీమా కంపెనీ ఒప్పుకున్న రేటుకీ మధ్య తేడాను మీ మీద వేయకూడదు. రోడ్డు మీద వచ్చే అంబులెన్సుకు ఆ చట్టం రక్షణ లేదు.

ప్రశ్న: అమెరికాలో ఉద్యోగం పోతే కంపెనీ ఇచ్చిన బీమా కూడా పోతుందా?

జవాబు: పోతుంది. కొన్ని కంపెనీలు ఆఖరి పనిరోజుతోనే ఆపేస్తాయి, కొన్ని ఆ నెలాఖరు దాకా ఉంచుతాయి. కనీసం 20 మంది ఉద్యోగులున్న కంపెనీ అయితే కోబ్రా అనే చట్టం కింద అదే ప్లాన్‌ను సాధారణంగా 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. కంపెనీ వాటా కూడా మీరే కట్టాలి కనుక మొత్తం ప్రీమియంలో 102 శాతం దాకా అవుతుంది. నిర్ణయానికి 60 రోజులు ఉంటాయి, ఎంచుకుంటే కవర్ పోయిన రోజు నుంచే వర్తిస్తుంది. భార్యకో భర్తకో వేరే ఉద్యోగం ఉంటే 30 రోజుల్లోపు వాళ్ల ప్లాన్‌లో చేరడం చౌక. ఆ గడువు కోబ్రా గడువు కన్నా చిన్నదని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా పాప దగ్గర ఆరు నెలలు ఉండటానికి అమెరికా వెళ్తున్నాం. నాకు 67, మా ఆవిడకు 62. నాకు బీపీ, షుగర్ ఉన్నాయి. "ముందే ఉన్న జబ్బులకూ కవర్" అన్న పాలసీ దొరికింది. నమ్మొచ్చా?

జవాబు: ఆ వాక్యం పక్కన "హఠాత్తుగా తీవ్రమైతే" అన్న షరతు ఉందేమో చూడండి. దాదాపు అన్ని విజిటర్ పాలసీల్లోనూ ఉంటుంది. దాని అర్థం ఇది: ఏ ముందస్తు లక్షణమూ లేకుండా ఉన్నట్టుండి పరిస్థితి విషమించాలి, చాలా పాలసీల్లో 24 గంటల లోపు వైద్యం తీసుకోవాలి. వారం రోజులుగా ఆయాసంగా ఉండి, తగ్గుతుందిలే అని ఊరుకుని, తర్వాత ఆసుపత్రిలో చేరితే అది "హఠాత్తు" కిందికి రాదు. షుగర్ పరీక్షలు, మామూలు మందులు, క్రమంగా ముదిరే సమస్యలు ఎలాగూ రావు. ఈ సౌకర్యానికి వయసు పరిమితి కూడా ఉంటుంది. మీ 67 దానికి లోబడి ఉందో లేదో పాలసీ పత్రంలోనే చూడాలి, అమ్మేవారి మాట చాలదు.

ఇంకో పెద్ద తేడా ఉంది. విజిటర్ పాలసీలు రెండు రకాలు. ఒకటి స్థిర మొత్తం ఇచ్చేది: ఆసుపత్రి గదికి రోజుకింత, ఆపరేషన్‌కింత అని పట్టిక ఉంటుంది, బిల్లు ఎంతైనా అంతే ఇస్తారు. రెండోది సమగ్ర పాలసీ: డిడక్టిబుల్ పోను బిల్లులో ఒక శాతాన్ని, ఒక స్థాయి దాటాక మొత్తాన్ని గరిష్ఠ కవర్ దాకా భరిస్తుంది. మొదటి రకం ముఖపత్రం మీద లక్ష డాలర్లని ఉన్నా, గుండెపోటు బిల్లులో అది తీర్చేది చిన్న ముక్కే. ప్రీమియం ఎక్కువైనా సమగ్ర పాలసీయే తీసుకోండి.

క్లెయిమ్ వచ్చినప్పుడు బీమా కంపెనీ మీ సొంత ఊరి డాక్టరు రికార్డులు తెప్పించుకుంటుంది. అందుకని వెళ్లే ముందు పరీక్షలు చేయించుకుని, బీపీ, షుగర్ అదుపులో ఉన్నాయని డాక్టరుతో రాయించుకుని వెంట ఉంచుకోండి. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే పాలసీ కార్డు వెనక ఉన్న సహాయ నంబరుకు మీ పాప 24 నుంచి 48 గంటల లోపు ఫోన్ చేయాలి. చాలా పాలసీల్లో అలా తెలియజేయకపోతే ఇచ్చే మొత్తం తగ్గించేస్తారు.

మీరు వెళ్లేది కెనడాకు, అక్కడ స్థిరపడినవారి తల్లిదండ్రులకు ఇచ్చే సూపర్ వీసా మీద అయితే లెక్క వేరు. కనీసం లక్ష కెనడియన్ డాలర్ల కవర్, ఏడాది కాలానికి, వీసాకు ముందే తీసుకుని చూపించాలి.

ప్రశ్న: నేను మూడో నెల గర్భిణిని. మావారితో విదేశానికి వెళ్లాలి. ప్రసవం ఖర్చు ఏ పాలసీ ఇస్తుంది?

జవాబు: ఏ ట్రావెల్ పాలసీనీ నమ్ముకోకండి. మామూలు ప్రసవం వాటిలో ఉండదు. కొన్నిటిలో గర్భం ఒక నిర్ణీత వారం దాటక ముందు వచ్చే అత్యవసర ఇబ్బందులకు మాత్రమే కవర్ ఉంటుంది. తర్వాతిది పూర్తిగా దేశాన్ని బట్టి ఉంటుంది. జర్మనీ ప్రభుత్వ బీమాలో కుటుంబ సభ్యురాలిగా చేరితే చేరిన రోజు నుంచే ప్రసవ సేవలు అందుతాయి, నిరీక్షణ లేదు. అమెరికాలో ఉద్యోగం ద్వారా వచ్చే ప్లాన్ గర్భాన్ని "ముందే ఉన్న జబ్బు"గా చూపి తోసిపుచ్చడానికి వీల్లేదు. బిడ్డ పుట్టిన 30 రోజుల్లోపు బిడ్డ పేరు ప్లాన్‌లో చేర్చాలి, తల్లి ప్లాన్‌లో ఉంది కదా అని ఊరుకోకూడదు. ఆస్ట్రేలియాకు విద్యార్థి కుటుంబంగా వెళ్తుంటే జాగ్రత్త. అక్కడి విద్యార్థి బీమా ఓఎస్‌హెచ్‌సీలో గర్భసంబంధ సేవలకు 12 నెలల నిరీక్షణ కాలం ఉండవచ్చు. మీ ఉత్తరంలో దేశం పేరు లేదు. ఆస్ట్రేలియాయే అయితే టికెట్ కొనే ముందే బీమా సంస్థను మీ తేదీలు చెప్పి రాతపూర్వకంగా అడగండి. జవాబు అనుకూలంగా లేకపోతే ప్రసవం తర్వాత వెళ్లడం గురించి మీవారితో కూర్చుని మాట్లాడండి.

ప్రశ్న: దరఖాస్తులో షుగర్ ఉందని రాస్తే ప్రీమియం పెంచుతారట. రాయకపోతే తెలుస్తుందా?

జవాబు: తెలుస్తుంది, అదీ మీరు ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు. క్లెయిమ్ పెద్దదైతే కంపెనీ పాత రికార్డులు అడుగుతుంది. ప్రతి డిశ్చార్జ్ సమ్మరీలోనూ "ఎనిమిదేళ్లుగా షుగర్" అని డాక్టరు రాస్తాడు. దాచినట్టు తేలితే ఆ క్లెయిమ్ ఒక్కటే కాదు, పాలసీ మొత్తం రద్దయ్యే ప్రమాదముంది. ఎప్పటి నుంచి ఉంది, ఏ మాత్ర ఎంత మోతాదు, ఆఖరి పరీక్ష ఎంత వచ్చింది, అన్నీ ఉన్నదున్నట్టు రాయండి.

అంతర్జాతీయ ప్రైవేటు పాలసీల్లో రెండు పద్ధతులు ఉంటాయి. ఒకదానిలో మొదటే ఆరోగ్య చరిత్ర అంతా అడిగి, దేనికి కవర్ ఉందో దేనికి లేదో రాసిస్తారు. రెండోదాన్ని మారటోరియం అంటారు. అందులో మొదట ఏమీ అడగరు కాని, గత కొన్నేళ్లలో ఉన్న జబ్బులకు సాధారణంగా 24 నెలలు లక్షణాలు, మందులు లేకుండా గడిస్తేనే కవర్ ఇస్తారు. షుగర్‌కు రోజూ మందు వేసుకునేవారికి ఆ 24 నెలలు ఎప్పటికీ పూర్తి కావు. దీర్ఘకాల జబ్బు ఉంటే మొదటి పద్ధతే మేలు.

ప్రశ్న: సొంత దేశంలో ఉన్న ఆరోగ్య పాలసీని రద్దు చేసుకోవచ్చా?

జవాబు: మొదటి ఏడాదైనా వద్దు. రద్దు చేశాక తిరిగొచ్చి కొత్తది తీసుకుంటే నిరీక్షణ కాలాలు మొదటి నుంచీ లెక్కిస్తారు. వయసు పెరిగిన రేటూ పడుతుంది. కవర్ మొత్తం తగ్గించుకునైనా కొనసాగించండి. మీరు విదేశంలో ఉంటున్న సంగతి కంపెనీకి చెప్పండి.

ప్రశ్న: దిగిన వెంటనే చేరకపోతే జరిమానా వేసే దేశాలు ఉన్నాయా?

జవాబు: ఉన్నాయి. ఆలస్యం చేసినవాళ్ల దగ్గర పాత ప్రీమియం వసూలు చేసే దేశాలూ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో నాలుగు నెలలు, స్విట్జర్లాండ్‌లో మూడు నెలలు గడువు. గడువులోపు చేరితే నివాసం మొదలైన రోజు నుంచే కవర్, ఆ రోజు నుంచే ప్రీమియం. నెదర్లాండ్స్‌లో కేవలం చదువుకునేవారికి ఈ బీమా అక్కర్లేదు కాని, పార్ట్‌టైమ్ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి తప్పనిసరి. విద్యార్థులు ఇక్కడే పొరబడతారు. జపాన్‌లో మూడు నెలలకు మించి ఉండేవారు ఉద్యోగ బీమా లేకపోతే 14 రోజుల్లో వార్డు కార్యాలయంలో జాతీయ ఆరోగ్య బీమాలో చేరాలి, బిల్లులో 30 శాతం మీది. కెనడాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. బ్రిటిష్ కొలంబియాలో దిగిన నెలలో మిగిలిన రోజులు, వాటిమీద రెండు నెలలు ఆగాలి. ఒంటారియోలో నిరీక్షణను 2020 మార్చిలో తీసేశారు.

ప్రశ్న: బీమా మొదలయ్యేదాకా మందులు ఇక్కడి నుంచే తీసుకెళ్దామనుకుంటున్నాం. ఎన్ని నెలలకు?

జవాబు: మూడు నెలలకు సరిపడా అనేది చాలామంది పాటించే లెక్క, కాని అది అన్ని దేశాలకూ పనికిరాదు. జపాన్‌కు డాక్టరు రాసిన మందులు నెలకు సరిపడా వరకే అనుమతి లేకుండా తీసుకెళ్లొచ్చు. అంతకు మించితే ముందుగా దిగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే అసలు నిషేధం. యూఏఈకి నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు, బలమైన నొప్పి మందులు తీసుకెళ్లాలంటే అక్కడి ఆరోగ్యశాఖ దగ్గర ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి అడగాలి. మాత్రలను డబ్బాల్లోకి మార్చకుండా అసలు ప్యాకింగ్‌లోనే, చేతిసంచిలో పెట్టుకోండి. ప్రిస్క్రిప్షన్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, బ్రాండు పేరు పక్కన మందు అసలు పేరూ రాయించండి. ఆ అసలు పేరు ఉంటేనే అక్కడి డాక్టరు మొదటి రోజే అదే మందు రాయగలుగుతాడు.